నేను చేయని ప్రార్థన

ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఎన్నేళ్లో లెక్కపెట్టుకోను. పెట్టుకుంటే సిగ్గు పెరుగుతుందే గానీ బరువు తగ్గదు. నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. ఉద్దానంలో, సముద్రం హోరు ఇంట్లోకి వినబడేంత దగ్గరగా ఉన్న ఊరు అనుకోండి, చాలు. నన్ను ఎరిగినవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. ఎరగనివాళ్లకి పేరుతో పనేముంది?

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పుకోగలుగుతున్నాను. ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తూ వింటానంటే నేను వెంటనే మాట మార్చి, టీ తాగుతారా అని లేచిపోతాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

మా క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి మొన్నమొన్నటి దాకా నేనే పెద్దని. సాక్ష్యం చెప్పండమ్మా అంటే ముందు నన్నే లేపేవారు. సాక్ష్యమంటే, దేవుడు తనకి చేసిన మేలు గురించి మనిషి నలుగురి ముందు నిలబడి చెప్పడం. నా సాక్ష్యం మా మందిరంతో ఆగలేదు. టెక్కలిలో చెప్పాను, కంచిలిలో చెప్పాను, హరిశ్చంద్రపురం సభల్లో మైకు పట్టుకుని చెప్పాను. తుఫానులో చిక్కుకున్న నా భర్త కోసం రాత్రంతా మోకాళ్ల మీద ఉండి మొరపెట్టుకున్నాననీ, ఆ మొర విని దేవుడు ఆయన్ని ఒడ్డుకి చేర్చాడనీ. విన్న ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవారు. ఎక్కడ ఆగితే వాళ్లకి ఏడుపొస్తుందో నాకు తెలిసిపోయింది. అక్కడ ఆగేదాన్ని.

నేను ప్రార్థన చేయలేదు.

ఈ ముక్క రాసి చూసుకున్నాను. ఎంత చిన్న వాక్యం! దీన్ని దాచడానికా నేను ఇంత కష్టపడ్డాను? కానీ ఇది సగమే. మిగతా సగం తవిటమ్మది. తవిటమ్మ నా తోడికోడలు, మా మరిది నూకరాజు భార్య. నేను చేసిన తప్పు దేవుడి విషయంలో ఒకటి, తవిటమ్మ విషయంలో ఒకటి అని రెండుగా విడదీసి చూసుకోవాలని ఎంతో ప్రయత్నించాను. విడిపోవు అవి.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే బోటు, ఒకటే ఇల్లు. మధ్యలో గోడ పెట్టుకుని రెండు వాటాలు చేసుకున్నాం. గోడ అంటే పేరుకి గోడే, అటు చెంబు పడితే ఇటు వినబడుతుంది. తవిటమ్మ మంచిదే, కానీ నోరు మంచిది కాదు. ఎండు చేపలు ఆరబెట్టుకునే జాగా దగ్గర రోజూ ఏదో ఒకటి. నేనూ తక్కువ తినలేదు. అయినా జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది తనే, తిడుతూ తెచ్చేది.

మా ఇంట్లో మొదట ప్రార్థనకి వెళ్లింది కూడా తనే. కడుపులో బిడ్డ రెండోసారి నిలవకపోయినప్పుడు మందిరం నుంచి ఎవరో ఒకామె వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందట. ఆ చెయ్యి కోసం వెళ్లడం మొదలుపెట్టింది. తర్వాత నన్ను లాక్కెళ్లింది. నేను మొదట పాటల కోసం వెళ్లాను, అబద్ధమెందుకు. తర్వాత్తర్వాత నిజంగానే నమ్మాను. ఆ సంగతి మాత్రం నన్ను నమ్మండి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఇక ఏ గుమ్మం ముందూ మొక్కనని, బతికినా చచ్చినా నీ దాన్నేనని మాటిచ్చాను. ఆ మాట ఉత్త నోటితో ఇవ్వలేదు, మనసుతోనే ఇచ్చాను. అందుకే తప్పినప్పుడు అంత లోతుగా తెగింది.

ఆ ఏడాది తుఫాను చెప్పిన రోజు కంటే ముందే వచ్చింది. బోట్లన్నీ వెనక్కి తిరిగాయి. మా అన్నదమ్ముల బోటు తిరగలేదు. ఇంజను ఆగిపోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాకేం తెలుసు? ఒడ్డున నిలబడి చూస్తే సముద్రానికీ ఆకాశానికీ తేడా లేదు. ఫోన్లు పనిచేయలేదు. టెక్కలి నుంచి పాస్టరు గారు వచ్చే దారి లేదు. చెట్లు దారికి అడ్డంగా పడిపోయి, ఎవరింట్లో వాళ్లు తలుపులకి రోళ్లు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

గోడకి అటువైపు తవిటమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. తనకి మెల్లగా ప్రార్థించడం రాదు. దేవుడితో కూడా గొడవ పడుతున్నట్టే మాట్లాడుతుంది. ఇటువైపు నేనూ మోకరించాను. కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలియదు. భయమా? భయపడ్డవాళ్లే కదా ప్రార్థించేది. ఆ క్షణాన ఆయన నాకు మరీ దూరంగా, పలాస దాటి, రైళ్లు వెళ్లే చోట్లన్నీ దాటి ఎక్కడో ఉన్నట్టనిపించింది. గంగమ్మ తల్లి మాత్రం సరుగుడు తోట పక్కన, ఒడ్డునే ఉంది. మా అమ్మ మొక్కింది, మా అమ్మమ్మ మొక్కింది. ఈ సముద్రం ఎవరిదని చిన్నప్పుడు నన్నడిగితే ఆ తల్లిదే అనేదాన్ని.

లేచాను. ఒంటి మీద చీర తడిసి ముద్దయి ఉంది. పెట్టెలో అడుగున పొడిగా ఉన్నది ఒక్కటే చీర. క్రిస్మస్‌కి స్త్రీల సమాజంలో అందరికీ ఒకే రంగువి కొని పంచుతారే, ఆ ఆకుపచ్చ చీర. అది కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, చేతిలో ఒక కొబ్బరికాయతో బయల్దేరాను. పట్టపగలే. కానీ మనిషిని మనిషి గుర్తుపట్టలేనంత వాన. గుడి ముందు కొబ్బరికాయ కొట్టాను. నా మనిషిని నాకిచ్చెయ్యి తల్లీ, కోడినిస్తాను అన్నాను. నా మనిషిని అన్నాను. నూకరాజు పేరు నాకు గుర్తుకే రాలేదు.

ఆ తల్లి తప్పేమీ లేదు ఇందులో. మా వాళ్లు సగానికి పైగా ఇప్పటికీ ఆమె బిడ్డలే, నిజాయితీగా మొక్కుతారు, నిజాయితీగా తీర్చుకుంటారు. నేను ఆ పని కూడా చేయలేదు. కోడినివ్వలేదు. ఇస్తే నలుగురికీ తెలుస్తుందని ఇవ్వలేదు. అంటే అక్కడిచ్చిన మాటా తప్పాను, ఇక్కడిచ్చిన మాటా తప్పాను.

తిరిగొచ్చేసరికి తవిటమ్మ గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు. గోడకి ఆనుకుని కూర్చుని విన్నాను. ఆమె ఇద్దరి పేర్లూ చెబుతోంది. ముందు మా ఆయన పేరు చెప్పి, తర్వాత తన భర్త పేరు. మళ్లీ మొదటి నుంచి. ప్రతిసారీ మా ఆయన పేరే ముందు. అది వింటూ వింటూ, నేను చేయాల్సిన పని ఇంకెవరో చేసిపెడుతున్నట్టు, కాస్త ఊరటగా, నిద్రపోయాను కూడా.

మా ఆయన వచ్చాడు. డీజిల్ డబ్బా పట్టుకుని తేలుతుంటే ఒడిశా ఒడ్డున జాలర్లు లాగి, రెండు రోజులు ఉంచుకుని, వ్యానులో పంపించారు. తమ్ముడి చెయ్యి ఎక్కడ జారిపోయిందో తెలియదన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దాని గురించి ఇంకో మాట మాట్లాడలేదు. నూకరాజు రాలేదు. శవం కూడా రాలేదు. ఇంట్లో తవిటమ్మ వాటాలో ఏడుపు, నా వాటాలో మా ఆయన్ని చూడొచ్చిన చుట్టాలు. నేను రెండు వాటాల మధ్యా తిరిగాను. ఎక్కడ కూర్చున్నా ఒకటే అనిపించింది, నేను ఇక్కడ ఉండకూడదని.

కొన్నాళ్లకి వల బాగుచేసుకునే ఒక ముసలాయన పాస్టరు గారితో వేళాకోళమాడాడు. 'మీ పార్దనోలు కూడా గాలొస్తే అమ్మోరికాడికే ఒస్తన్నారు గదండి' అని. గుడికొచ్చినామె మొహం ఆ ముసలాయన చూడలేదు. చీర చూశాడు. ఆకుపచ్చ చీర. ఆ చీర మాలో పదిమందికి పైగా ఉంది.

ఎవరు వెళ్లుంటారు? అప్పుడు మా వాళ్లు ఒక పని చేశారు. ఇది తప్పని వాళ్లకి తోచలేదు, నాకూ ఆ రోజు తోచలేదు. మా ఊళ్లో ఏదైనా సముద్రాన్ని బట్టే తేల్చుకుంటాం. ఎవరి వలలో చేప పడితే వాళ్ల చెయ్యి మంచిది, ఎవరి బోటు తిరగబడితే వాళ్లింట్లో ఏదో అపచారం జరిగినట్టు. మందిరానికి వెళ్లినా ఆ లెక్క మమ్మల్ని వదల్లేదు, దేవుడి పేరు మాత్రం మార్చుకున్నాం. నా భర్త వచ్చాడు, కాబట్టి నేను ప్రార్థించాను. తవిటమ్మ భర్త రాలేదు, కాబట్టి గుడికి వెళ్లింది తవిటమ్మ. ఎవరూ పైకి అనకముందే అందరి కళ్లూ అటు తిరిగాయి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కొందర్ని ఉండమన్నారు. పాస్టరు గారు చెడ్డవారు కాదు. మెల్లగానే అడిగారు. తవిటమ్మ తెల్లచీరలో ఉంది. 'నాను ఎల్లనేదండి' అంది, అంతే. పాస్టరు గారు నావైపు తిరిగారు.

'అమ్మా, మీవి పక్కపక్క వాటాలే కదా. ఆ రోజు ఈవిడ ఇంట్లోనే ఉందా?'

'నేను కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నానండీ. ఏదీ చూడలేదు' అన్నాను.

తవిటమ్మ నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. సాయమడుగుతున్నట్టు. మా వైపు అక్కని అప్ప అంటాం.

'అప్పా, నా గొంతు నీకు ఇనిపించనేదా?'

'గాలి ఓరు ఎక్కువగున్నాది తవిటీ. ఇనిపించనేదు.'

ఇదే నా తప్పు. ఆమె వెళ్లిందని నేను అనలేదు. ఈ మాటని ఎన్ని వందల సార్లు నాకు నేను చెప్పుకున్నానో! వెళ్లిందని అనలేదు, చూడలేదన్నాను, వినలేదన్నాను. అబద్ధం కూడా ఎంత ఒద్దికగా ఆడానో చూడండి. ఆమెని తోసెయ్యలేదు, పట్టుకోవడానికి నా చెయ్యి ఇవ్వలేదు. ఆ రోజు ఆమె ప్రార్థించిందనడానికి భూమ్మీద ఉన్న ఒకే ఒక్క సాక్షిని నేను.

ఒప్పుకుని పశ్చాత్తాపపడే వరకు తవిటమ్మని ప్రభువు బల్ల నుంచి ఆపారు. అంటే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచేటప్పుడు ఆమెకి ఇవ్వరు. చేయనిదాన్ని ఒప్పుకునే మనిషి కాదు తను. ఒప్పుకోలేదు. నెలనెలా వచ్చి వెనక వరుసలో కూర్చునేది. పళ్లెం వస్తుంటే లేచి బయటికెళ్లి, అయ్యాక మళ్లీ వచ్చి కూర్చునేది. కొన్నాళ్లకి ఇల్లు ఖాళీ చేసి, పలాసలో జీడిపప్పు పనికి వెళ్లిపోయింది. నాతో గొడవ పడలేదు. అదే నాకు వింతగా ఉండేది. ఎండు చేపల జాగా కోసం అంత అరిచిన మనిషి దీని కోసం ఒక్క మాట అనలేదు.

ఆమె వెళ్లిన నెలలోనే మొదటిసారి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. మధ్యలో మాట తడబడి ఆగాను. అందరూ అది భక్తి అనుకున్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. అదే నేను భరించలేకపోయింది. శిక్ష కోసం ఎదురుచూశాను. ప్రతి గాలికీ ఇదిగో అనుకున్నాను. రాలేదు. వలలు నిండాయి. మా అమ్మాయి నర్సు చదివి విశాఖలో ఉద్యోగంలో చేరింది. ఎప్పుడైనా మనసు చితికిపోయి, తిట్టడానికైనా సరే ఒకసారి మాట్లాడు స్వామీ అని కూర్చుంటే, ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నట్టే ఉండేది. మునుపటిలాగే. మధ్యలో ఏమీ జరగనట్టే. మనం మాట తప్పినా ఆయన తప్పడని పాస్టరు గారు ఎప్పుడూ చెబుతుంటారు. అందరూ ఆమెన్ అంటారు. నాకు చెంప మీద కొట్టినట్టుండేది. తప్పితే బాగుండును కదా, లెక్క సరిపోయేది కదా అనుకునేదాన్ని. అలా అనుకున్న క్రైస్తవురాలు ఇంకెవరైనా ఉందా? ఈ మాట అడగడానికి కూడా నాకు మనిషి లేదు. పొగిడేవాళ్ల మధ్య కూర్చుని ఉన్నంత ఒంటరితనం నేను ఇంకెక్కడా చూడలేదు.

మా ఆయన కిడ్నీలు పాడయ్యాయన్నప్పుడు, చెప్పడానికి నోరు రావడం లేదు, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. వచ్చిందిరా దేవుడా శిక్ష, అనుకున్నాను. తర్వాత బుద్ధొచ్చింది. ఉద్దానంలో ఇంటికొకరు అదే జబ్బుతో పోతున్నారు. ఊరంతా నాలాగే అబద్ధమాడారా? నేను కూడా మా వాళ్ల లెక్కే వేస్తున్నాను, సముద్రం బదులు ఆసుపత్రిని పెట్టి.

డయాలసిస్ కోసం ఆయన్ని పలాస తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు ఆసుపత్రి వరండాలో కూర్చుంటే ఎదురుగా తవిటమ్మ. చేతిలో టిఫిను క్యారేజీ. జీడి పిక్కలు కొట్టి కొట్టి ఆ నూనెకి వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయి ఉన్నాయి. 'బావకి ఉప్పు ఎయ్యకుండా వొండినాను, నువ్వు తింటావో మానేత్తావో నీ ఇట్టం' అంది. ఆ తర్వాత మేం వెళ్లిన ప్రతిసారీ తెచ్చింది. పనిలోంచి తప్పించుకుని వచ్చేది. మా ఆయన ఆమెతో నవ్వేవాడు. నేను ఆ అన్నం తిన్నాను.  ఆయన పోయిన రోజు పాడె వెనక ఆమె నా భుజం పట్టుకుని నడిచింది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. అంటారని తెలుసు. చెప్పకపోవడానికి నా దగ్గర గొప్ప కారణం ఉండేది. ప్రార్థించిన తనకి భర్త దక్కలేదు, ద్రోహం చేసిన నాకు దక్కాడు. ఈ సంగతి తెలిస్తే తవిటమ్మ విశ్వాసం ఏమైపోతుంది? ఇంక దేవుణ్ణి నమ్ముతుందా? ఆమె ఆత్మని కాపాడడానికే నేను నోరు మూసుకున్నానట! ఎంత జాలి నాది! నిజమేంటంటే, నేను కాపాడుకుంటున్నది నా చేతిలో మైకుని. లేపి నిలబెట్టినప్పుడు నావైపు తిరిగే ఆ మొహాల్ని. ఆయన పోయాక, కూతురు దూరాన ఉండగా, ఆ మొహాలు తప్ప నాకు ఇంకేం మిగిలింది? అవి కూడా పోతే ఈ ఇంట్లో గోడకి అటూ ఇటూ కూడా నేనొక్కదాన్నే.

కిందటి ఏడు పలాసలో ఒక మందిరానికి స్త్రీల కూటానికి పిలిచారు. అది తవిటమ్మ వెళ్లే మందిరమే. ఆ రోజు ప్రభువు బల్ల ఉంది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రొట్టె పళ్లెం వరుసలోకి వచ్చింది. తవిటమ్మ అందుకుంది. తీసుకోకుండా నాకు అందించింది. అలవాటైన పనిలాగా, పెళ్లిలో విస్తరి జరిపినట్టు. నేను తీసుకున్నాను. నా చెయ్యి ఆగలేదు.

బయటికొచ్చాక అడిగాను, నిన్ను ఆపిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు కదా, ఎందుకు తీసుకోవడం లేదని. 'మన సంగపోలు ఆపినారు. ఆలే ఇవ్వాల. దొంగతనంగా తింటానేటి?' అంది. ఇన్నేళ్లుగా నెలనెలా ఆ పళ్లెం తన చేతుల్లోంచి పక్కవాళ్లకి వెళ్లిపోతోంది. ఎవరి వల్లో ఆమెకి తెలియదు.

ఊరికొచ్చానే గానీ నాకు తిండి సహించలేదు. కొన్ని వారాలు చూశాను, ఎప్పటిలా సర్దుకుంటుందేమోనని. సర్దుకోలేదు. ఒక మధ్యాహ్నం బస్సెక్కి పలాస వెళ్లాను. తవిటమ్మ అద్దె గది గుమ్మంలో కూర్చుని చేతులకి ఆముదం రాసుకుంటోంది. నన్ను చూసి పీట జరిపింది. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ టీ, కబుర్లు, బస్సు టైము. నిలబడే చెప్పేశాను. గుడికి వెళ్లింది నేనని. చీర నాదని. నేను ఒక్క మాట కూడా ప్రార్థించలేదని.

ఆమె చేతులు రాసుకోవడం ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

'ఆ దినం బావ కోసం నువ్వు అడగనేదా?'

'నేదు.'

'ఒక్క పాలైనా, ఒక్కసారైనా?'

'ఒక్క పాలి కూడా నేదు తవిటీ.'

'నా గొంతు ఇనిపించనేదన్నావు.'

'ఇనిపించింది. నాను ఎల్లినప్పుడూ ఇనిపించింది, ఒచ్చినప్పుడూ ఇనిపించింది. ఇద్దరి పేర్లూ సెప్పినావు. ముందు మీ బావ పేరు.'

 వీధిలో ఎవరో జీడి పిక్కల బస్తాలు దించుతున్నారు. ఆ చప్పుడు ఆగాక, నాతో కాదు, తనలో తాను అన్నట్టుగా అంది.

'అయితే బావని అడిగింది నానొక్కదాన్నే. దేవుడు ఇన్నాడన్నమాట.'

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమె మొహం చూస్తే అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమె నా సాక్ష్యాన్ని నమ్మింది. ఊరందరి లెక్కే తనూ వేసుకుంది. నా మనిషి వచ్చాడు కాబట్టి దేవుడు నా మొర విన్నాడని, తన మొరలో ఒక్క ముక్క కూడా ఆయన చెవిన పడలేదని. తన ప్రార్థన విననివాడి దగ్గరికి ప్రతి ఆదివారం వెళ్లి కూర్చుంది. నేను ఆమె మంచిపేరు తీశాననుకున్నాను. బల్ల దగ్గర ఆమె జాగా తీశాననుకున్నాను. దానికంటే పెద్దది తీసుకున్నాను. దేవుడు ఆమె మాట విన్నాడన్న సంగతిని తీసుకుని, నాదని చెప్పి, ఊరూరా తిప్పాను.

అప్పుడొచ్చింది కోపం. పాత తవిటమ్మ కోపం.

'ఇంత మాట దాసీసినావా? ఆ సీర సంగతి పోనీ, నన్ను దూరం పెట్టినారు, అదీ పోనీ. నా పార్దన గాల్లో కలిసిపోనాదనుకున్నానే! నా బావ నా కళ్లెదుట తిరుగుతుంటే, ఈయన్ని నాకు దేవుడిచ్చినాడని నాకు తెలవకుండా సేసినావా? ఎలిపో అప్పా. ఇయ్యాల నీ మొగం సూడ్నేను. ఎలిపో.'

వచ్చేశాను. క్షమించమని అడగాలని వెళ్లాను, అడగడం మర్చిపోయాను. బస్సులో గుర్తొచ్చింది. అప్పటికి టెక్కలి దాటేశాం, దిగాల్సిన చోటు దాటి అంత దూరం వచ్చేశానని కూడా అప్పుడే చూసుకున్నాను.

తర్వాతి ఆదివారం మా మందిరంలో సాక్ష్యాలకి లేచాను. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఇప్పుడున్న పాస్టరు గారు చిన్నవారు, ఏమనాలో తెలియక ప్రార్థన చేద్దామన్నారు. బయటికొచ్చాక నా చెప్పుల దగ్గర నిలబడి ఉన్న ఇద్దరు ఆడవాళ్లు పక్కకి తప్పుకున్నారు. స్త్రీల సమాజం పెద్దరికం ఇంకొకరికిచ్చారు. న్యాయమే. పెద్దలు పలాస వెళ్లి తవిటమ్మకి చెప్పి వచ్చారు, నిన్ను ఆపడం మా తప్పు, బల్లకి రమ్మని. ఏమందో నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

తవిటమ్మ నా ఫోను ఎత్తడం లేదు. నేను చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోతుంది.

మొన్న పలాస నుంచి వచ్చిన ఒకామె చెప్పింది. తవిటమ్మ అక్కడ మందిరంలో మొదటిసారి సాక్ష్యానికి లేచిందట. మాటలు సరిగ్గా రాలేదట, దేవుడితో గొడవ పడ్డట్టే మాట్లాడిందట. 'ఇద్దర్నడిగినాను. ఒకల్నిచ్చినాడు. రెండోవోణ్ని ఎందుకివ్వనేదో ఆడే సెప్పాల. గానీ ఇన్నాడు' అని కూర్చుందట. నా పేరు ఎత్తలేదట. దయతో ఎత్తలేదో, ఎత్తడం కూడా అసహ్యమనిపించిందో నాకు తెలియదు.

దేవుడి గురించి నేనిప్పుడు పెద్దగా ఏమీ చెప్పలేను. నేను అడగకపోయినా ఇచ్చాడు, వదిలేసినా వదల్లేదు. ఎందుకో తెలియదు. అది తలచుకుంటే ఇప్పటికీ ఓదార్పు కంటే సిగ్గే ఎక్కువ. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. గోడకి అటువైపు ఎవరూ లేరు. నేను మోకరిస్తే ఇప్పటికీ మాటలు సరిగ్గా రావు. అయినా కూర్చుంటున్నాను. తవిటమ్మ పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటున్నాను.

ఇక నన్ను ఎవరూ సాక్ష్యానికి లేపరు. చెప్పుకోవడానికి నాకు ఒక సాక్ష్యం ఉండేది, అది నాది కాదు. ఇది మాత్రం నాదే, మీకు చెప్పాను.